ఇద్దరి పిల్లలు, ఒక్కరికే కోతా?

పెళ్లయిన మగవారికీ, వారి ఇళ్ల పెద్దలకూ, అక్కచెల్లెళ్లకూ మా విజ్ఞప్తి



ఇక పిల్లలు చాలని ఆలుమగలు అనుకున్నాక ఇంట్లో తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంటుంది. ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలి? మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ ఎత్తరు. రెండో కాన్పుకు కోడలు ఆస్పత్రిలో చేరగానే, "ఎట్లాగూ వచ్చాం కదా, పనిలో పని ఆపరేషన్ కూడా చేయించేద్దాం" అని అత్తగారు అంటుంది. కన్నతల్లి కూడా సరేనంటుంది. మొగుడు బయట టీ బడ్డీ దగ్గర ఉంటాడు. కాగితం మీద వేలిముద్ర పడుతుంది. అంతే. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగరు. ఆయనను అడగాలన్న ఆలోచన అసలు ఎవరికీ రాదు.

ఇది ఒక ఇంటి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు పెళ్లయిన ఆడవారిలో నూటికి 70 మంది పిల్లలు పుట్టకుండా చేసే ట్యూబెక్టమీ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. తెలంగాణలో నూటికి 62 మంది. దేశం మొత్తం మీద నూటికి 38 మంది. మరి మగవారికి చేసే వేసెక్టమీ? దేశం మొత్తం మీద వెయ్యి జంటల్లో మూడు. అదే సర్వేలో, పిల్లలు పుట్టకుండా చూసుకోవడం ఆడవారి పని, మగవాడికి దానితో పనిలేదు అన్న మగవారు మూడో వంతుకు పైగా ఉన్నారు.

పిల్లల్ని కనడానికి ఇద్దరూ కావాలి. మోసేది ఆమె, కనేది ఆమె, పాలిచ్చేది ఆమె. కాన్పు కోత పడేదీ ఆమెకే. తెలంగాణలో నూటికి 61 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లేనని ఆ సర్వేనే చెప్పింది. ఇన్ని పడ్డాక చివరి కోత కూడా ఆమెకే పడాలా?

ఆపరేషన్ రోజు ఆమె పడేది చూశారా?

సర్కారు ఆస్పత్రి వరండాలో ఆపరేషన్ రోజు ఒక్క గంట నిలబడి చూడండి. రాత్రి నుంచి అన్నం నీళ్లు ముట్టని ఆడవారు చాపల మీద వరసగా కూర్చుని ఉంటారు. చంటిపిల్ల పాల కోసం ఏడుస్తుంటే అమ్మమ్మ ఎత్తుకుని ఆవరణంతా తిప్పుతుంటుంది. పేరు పిలిస్తే ఒకరు లేస్తారు. లోపల పొట్ట మీద చిన్న కోత పెట్టి అండాలు వచ్చే గొట్టాలను వెతికి, ముడివేసి కత్తిరిస్తారు. ల్యాప్రోస్కోపు పద్ధతిలో అయితే పొట్టలోకి గ్యాసు ఎక్కించి, రంధ్రం చేసి, కెమెరా గొట్టం లోపలికి పంపి, గొట్టాలకు రింగులు వేస్తారు. అక్కడ చుట్టూ పేగులుంటాయి, మూత్రసంచి ఉంటుంది. చేయి తిరిగిన డాక్టరు చేస్తే ఇది మంచి ఆపరేషనే. లక్షలమంది చేయించుకుని క్షేమంగా ఉన్నారు. కానీ పొట్ట తెరిచే ఏ ఆపరేషనైనా పొట్ట తెరవని దానికన్నా పెద్దదే కదా. బయటికి తెచ్చి పడుకోబెట్టాక మత్తు దిగుతున్నకొద్దీ నొప్పి తెలుస్తుంది. తర్వాత ఆటోలో గతుకుల రోడ్డు మీద ఇంటికి. రెండు వారాల దాకా బరువు ఎత్తొద్దని చెప్పి పంపుతారు. నాలుగో రోజుకే బిందె ఎత్తే వాళ్లు మన వాడల్లో ఎంతమంది లేరు?

అదే పని మగవారికి చేయడానికి పొట్ట జోలికే పోనక్కరలేదు. వీర్యకణాలు వచ్చే గొట్టాలు రెండూ బీజాల సంచిలో చర్మం కిందే ఉంటాయి, వేళ్లకు తగులుతాయి. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు కోత, కుట్టు లేకుండా ఈ ఆపరేషన్ చేసే పద్ధతి కనిపెట్టారు. 1990ల నుంచి మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ అదే చేస్తున్నారు. డాక్టరు ముందు వేళ్లతో గొట్టాన్ని తడిమి పట్టుకుంటారు. ఆ చోటు వరకు మొద్దుబారడానికి ఒక చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. చివర సన్నగా ఉండే పరికరంతో చర్మానికి చిన్న రంధ్రం చేసి, గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, కాస్త ముక్క కత్తిరించి ముడివేస్తారు. రెండో గొట్టాన్నీ అదే రంధ్రంలోంచి తీసి అలాగే చేస్తారు. కుట్టు ఉండదు. పైన చిన్న పట్టీ వేస్తారు. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాల పని. కాసేపు కూర్చోబెట్టి, బాగానే ఉన్నారని చూసి ఇంటికి పంపిస్తారు. మనిషి నడుచుకుంటూ వెళ్లవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. బరువులు ఎత్తడం, సైకిలు తొక్కడం ఒక వారం ఆపుకోవాలి.

రెండూ శాశ్వత పద్ధతులే. రెండూ సర్కారు ఆస్పత్రిలో ఉచితమే. విఫలమయ్యే అవకాశం వేసెక్టమీలోనే తక్కువ. మొదటి ఏడాదిలో ట్యూబెక్టమీ వెయ్యి మందిలో సుమారు అయిదుగురికి విఫలమైతే, వేసెక్టమీ ఒకరిద్దరికి. చిన్న ఆపరేషన్, తొందరగా కోలుకునే ఆపరేషన్, గట్టిగా పనిచేసే ఆపరేషన్. ఇంట్లో ఎద్దు కొనేటప్పుడు నాలుగు సంతలు తిరిగి బేరం చూసుకునే మనం, ఈ ఒక్క విషయంలో పెద్దదీ కష్టమైనదీ ఎందుకు ఎంచుకుంటున్నాం?

ఒకప్పుడు మగవారే ముందుండేవారు

కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా ప్రపంచంలో మొదట చేపట్టింది మన దేశమే, 1952లో. 1960లలో మన దగ్గర ఎక్కువగా జరిగింది వేసెక్టమీయే. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒకే ఒక్క నెల శిబిరంలో 60 వేలకు పైగా మగవారు ఆపరేషన్ చేయించుకున్నారు. మగవారు దీనికి రారన్నది పుట్టుకతో వచ్చిన సంగతి కాదు.

దాన్ని పాడుచేసింది ఎమర్జెన్సీ. 1976లో బడి పంతులుకు ఇంతమంది, పోలీసుకు ఇంతమంది, రెవెన్యూ ఉద్యోగికి ఇంతమంది అని లక్ష్యాలు పెట్టారు. ఉత్తరాదిలో ఊళ్లను చుట్టుముట్టి మగవారిని లారీలెక్కించి తీసుకెళ్లారు. ఒక్క ఏడాదిలో 62 లక్షల వేసెక్టమీలు జరిగాయి. జనం 1977 ఎన్నికల్లో దానికి జవాబు చెప్పారు. ఆ దెబ్బతో కుటుంబ నియంత్రణ శాఖ కాస్తా కుటుంబ సంక్షేమ శాఖ అయింది. బలవంతం చేసిన అధికారులూ నాయకులూ మగవారి జోలికి పోవడం మానుకున్నారు. భారమంతా ఆడవారి మీదికి నెట్టారు. మగవాడు ఎదురు తిరిగితే ప్రభుత్వాలు పడిపోతాయి, ఆడది ఎదురు తిరగదు అన్న ధీమా అది. యాభై ఏళ్లవుతున్నా అదే నడుస్తోంది.

మన దగ్గర మగవారు ముందుకొచ్చిన రోజులు తర్వాత కూడా ఉన్నాయి. కరీంనగర్ జిల్లాలో కోత లేని వేసెక్టమీ వేలమంది చేయించుకున్న కాలం ఒకటుంది. ఆ ఊళ్ల మగవారు వేరే మట్టితో చేసినవారు కాదు. అక్కడ నేర్చిన డాక్టర్లను పెట్టారు, ఇంటింటికీ వెళ్లి మగవారితోనే మాట్లాడారు. అడిగినచోట వచ్చారు, అడగనిచోట రాలేదు.

మీ అనుమానాలకు మా జవాబులు

"మగతనం పోతుందంటగా?"
పోదు. మగతనానికి కావలసిన హార్మోను బీజాల్లో తయారై నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆపరేషన్‌లో కట్టేది వీర్యకణాలు వచ్చే సన్నని గొట్టాన్ని మాత్రమే. పంట కాలువకు షట్టరు దించితే చెరువు ఎండిపోతుందా? కోరిక, పటుత్వం, సుఖం ఏదీ మారదు. వీర్యం కూడా ఎప్పటిలాగే వస్తుంది. అందులో కణాల వంతు చాలా కొద్ది కాబట్టి తేడా కంటికి తెలియదు.

"బరువు పని చేసేవాణ్ణి. నేను పడుకుంటే ఇల్లెట్లా గడుస్తుంది?"
మీకు కావలసింది రెండు రోజుల విశ్రాంతి, వారం జాగ్రత్త. ఆమెకు రెండు వారాలు. మరి నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, మిర్చి కోసేదీ, బీడీలు చుట్టేదీ, ఇంటికి నీళ్లు మోసేదీ ఎవరు? ఆమె కూలి ఇంట్లోకి రావడం లేదా? కూలి లెక్కే చూసుకున్నా మీరు చేయించుకోవడమే ఇంటికి లాభం. ఆపరేషన్ చేయించుకున్నవారికి పోయిన కూలి కింద ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. మగవారికి ఇచ్చేది ఆడవారికి ఇచ్చేదానికన్నా ఎక్కువ. ప్రభుత్వ ఉద్యోగులకైతే ప్రత్యేక సెలవు ఉంది.

"తర్వాత నా భార్య నెల తప్పితే?"
ఇది అన్నిటికన్నా ముఖ్యం, శ్రద్ధగా చదవండి. వేసెక్టమీ చేయించుకున్న రోజు నుంచే పనిచేయదు. గొట్టాల పైభాగంలో అప్పటికే ఉన్న కణాలు బయటికి పోవడానికి సమయం పడుతుంది. అందుకే మూడు నెలల పాటు నిరోధ్ తప్పకుండా వాడాలి, లేదా ఆమె వేరే పద్ధతి ఏదైనా వాడాలి. మూడు నెలల తర్వాత ఆస్పత్రికి వెళ్లి వీర్యపరీక్ష చేయించుకోవాలి. కణాలు లేవని తేలాకే ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క, సర్టిఫికెట్ ఇచ్చేదీ అప్పుడే. మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఈ పరీక్షకు వెళ్లకపోవడం. ఆ తర్వాత భార్య నెల తప్పితే ఆమెను అనుమానిస్తారు, ఊరు చెవులు కొరుక్కుంటుంది, కాపురాలు కూలతాయి. అన్నా, నిందించే ముందు మళ్లీ వీర్యపరీక్ష చేయించుకో. నూటికి నూరు పాళ్లు విఫలం కాని పద్ధతి ప్రపంచంలో లేదు. తెగిన గొట్టం అరుదుగా తిరిగి కలుసుకోవచ్చు. అది ఆమె తప్పు కాదు.

"నలుగురూ నవ్వుతారు."
మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆస్పత్రివారు మీ వివరాలు గుట్టుగా ఉంచాలి. చెప్పుకునే ధైర్యం ఉంటే ఇంకా మంచిది. భార్యకు కోత తప్పించిన మగవాణ్ణి చూసి ఊళ్లోని ఆడవారెవరూ నవ్వరు.

"మా వాడికి కత్తి తగలనివ్వను" అనే అత్తమ్మలకు:
అమ్మా, మీరు కూడా ఆ చాప మీద కూర్చుని వచ్చినవారే. ఆ నొప్పి మీకు తెలుసు. మీ కోడలు కూడా ఒక తల్లి కన్నబిడ్డే. కొడుక్కు కోత పెట్టే పద్ధతి కాదిది, రంధ్రమంత పని. మీరు ఒక్క మాట అంటే ఇంట్లో సగం గొడవ తీరుతుంది.

"జబ్బులు కూడా రావు కదా?"
వస్తాయి. ఎయిడ్స్, ఇతర సుఖవ్యాధులను ఏ ఆపరేషనూ ఆపదు. అనుమానం ఉంటే నిరోధ్ ఒక్కటే రక్ష.

"తర్వాత మళ్లీ పిల్లలు కావాలనుకుంటే?"
రెండూ శాశ్వత పద్ధతులే. తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది గాని ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ. అందుకే ఏ మూలనైనా అనుమానం ఉంటే చేయించుకోవద్దు. ఇది మీకే కాదు, మీ భార్యకు చేయించబోయే ముందు కూడా ఇదే మాట.

తొందరపడవద్దు, తొందరపెట్టవద్దు

మన ఆడపిల్లలకు పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడుకల్లా ఆపరేషన్. ఇంకా ఇరవై ఏళ్ల సంసారం ముందుంటుంది. బిడ్డకు ఏదైనా కావచ్చు, కాపురం మారిపోవచ్చు. అంత చిన్న వయసులో శాశ్వతంగా తలుపు వేసుకోనక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రిలోనే కాపర్-టి ఉచితంగా వేస్తారు. ఒకసారి వేస్తే పదేళ్లు పనిచేసేది ఉంది, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, రోజూ వేసుకునే మాత్రలు, నిరోధ్ ఉన్నాయి. ఇవన్నీ ముందు చెప్పకుండా నేరుగా ఆపరేషన్ కాగితం చేతిలో పెడితే అది సలహా కాదు.

సిజేరియన్ చేసేటప్పుడే గొట్టాలు కట్టించుకుంటే ఇంకో కోత తప్పుతుంది కదా అంటారు. నిజమే, ఆ మాటలో న్యాయముంది. ఆమె ముందే ఆలోచించుకుని, తానుగా కోరుకుంటే అది మంచి పద్ధతే. కానీ ఆ నిర్ణయం ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో ఇంట్లో కూర్చుని తీసుకోవాలి. నొప్పులు పడుతూ బల్ల మీద ఉన్నప్పుడు సంతకం అడగకూడదు. పుట్టిన బిడ్డ బాగున్నదో లేదో తెలియకముందే చేసెయ్యమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఎంతమందిని కనాలన్నది కూడా మీ ఇద్దరి ఇష్టమే. నిన్నటిదాకా ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారని చట్టం అన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ చట్టం మార్చి, ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. వద్దన్నా కనండన్నా మోసేది మన ఆడపిల్లే. ప్రభుత్వాల లెక్కలు మారినప్పుడల్లా ఆమె కడుపు మారనక్కరలేదు.

ఆమే చేయించుకుంటానంటే, ఈ హక్కులు అడిగి తీసుకోండి

ట్యూబెక్టమీ వద్దని మేము అనడం లేదు. బాగా ఆలోచించి ఆమె కోరుకుంటే అది ఆమె హక్కు. దానికి భర్త సంతకం కూడా అక్కరలేదని కేంద్ర ప్రభుత్వ నియమాలే చెబుతున్నాయి. కానీ అది క్షేమంగా జరగాలి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే:

2012 జనవరిలో బీహారులోని అరరియా జిల్లాలో ఒక బడిలో, రెండు గంటల్లో 53 మంది ఆడవారికి ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. అక్కడి శిబిరాల్లో చేయించుకున్నవారిలో 13 మంది చనిపోయారు. మనకు దూరం అనుకోవద్దు. 2022 ఆగస్టు 25న మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ల్యాప్రోస్కోపు ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. మిగతావారిని హైదరాబాదు పెద్దాస్పత్రులకు తరలించవలసి వచ్చింది. వాళ్లు జబ్బుతో ఆస్పత్రికి వెళ్లినవారు కాదు. పొద్దున ఆరోగ్యంగా నడిచి వెళ్లినవారు.

ఒక డాక్టరు బృందం ఒక రోజులో 30కి మించి చేయకూడదని నియమం. అది ఊరికే పెట్టిన అంకె కాదు. ల్యాప్రోస్కోపును ఒకరికి వాడాక శుభ్రంగా కడిగి, క్రిములు చంపే మందు ద్రావణంలో 20 నిమిషాలు ఉంచాలి. పరికరాలు తక్కువ, మనుషులు ఎక్కువ అయితే ఆ 20 నిమిషాలే ముందు ఎగిరిపోతాయి. ఒకరి పొట్టలోని క్రిములు ఇంకొకరి పొట్టలోకి చేరతాయి. హడావిడిలో పోయేది ప్రాణాలే.

అరరియా సంగతి మీద దేవికా బిశ్వాస్ అనే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016 సెప్టెంబరు 14న కోర్టు తీర్పు చెప్పింది. సామూహిక శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలి, ఇంతమందికి చేయించాలని లక్ష్యాలు పెట్టకూడదు, ప్రతి మనిషికీ తన భాషలో అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి అన్నది. తీర్పు వచ్చిన ఆరేళ్లకు ఇబ్రహీంపట్నం జరిగింది. అంటే కాగితం మీద హక్కు ఉంటే చాలదు, అడగాలి.

ఆస్పత్రికి వెళ్లేముందు ఇవి అడగండి:

1. ఆపరేషన్ ముందు రక్తపరీక్ష, బీపీ, మూత్రపరీక్ష చేశారా? రక్తంలో హిమోగ్లోబిన్ 7 గ్రాములకన్నా తక్కువుంటే ఆపరేషన్ చేయకూడదు.
2. కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించారా? వినిపించకపోతే వేలిముద్ర వేయవద్దు.
3. ఇవాళ ఎంతమందికి చేస్తున్నారు? ఎన్ని పరికరాలున్నాయి?
4. ఆమె నెలసరి వచ్చిన ఏడు రోజుల్లోపు ఉందా? లేకపోతే గర్భం లేదని నిర్ధారించారా?
5. ఇంటికి పంపేటప్పుడు మందులు, జాగ్రత్తల కాగితం ఇచ్చారా?

ఇంటికొచ్చాక జ్వరం, తగ్గని కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, వాంతులు, కోత దగ్గర చీము, రక్తం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "రేపు చూద్దాం" అనవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. ఆపరేషన్ అయినవారు తర్వాత ఎప్పుడు నెల తప్పినా రెండు వారాల్లోపు ఆస్పత్రిలో చూపించుకోవాలి. గర్భం గొట్టంలోనే నిలిచే ప్రమాదం ఉంటుంది. మగవారికైతే బీజాల సంచి బాగా వాచినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోవాలి.

ఆపరేషన్ విఫలమైనా, తర్వాత జబ్బు చేసినా, ప్రాణమే పోయినా పరిహారం ఇచ్చే పథకం ప్రభుత్వానికి ఉంది. ఒప్పుకోలు కాగితం నకలు, సర్టిఫికెట్ భద్రంగా దాచుకోండి. కాగితం లేకపోతే పరిహారం చేతికి రావడం కష్టం.

మేము అడుగుతున్నవి

1. ప్రతి ఏరియా ఆస్పత్రిలో, ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో నెలకు ఒక ఖాయమైన రోజున, నేర్చిన డాక్టరుతో కోత లేని వేసెక్టమీ చేయాలి. చేయించుకుందామని వెళ్లిన మగవాణ్ణి "డాక్టరు లేడు, జిల్లా ఆస్పత్రికి పో" అని తిప్పి పంపకూడదు.
2. గర్భిణుల పరీక్షలకు వచ్చిన రోజే భర్తను కూడా పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి అన్ని పద్ధతులూ చెప్పాలి. మగవారితో మాట్లాడడానికి మగ ఆరోగ్య కార్యకర్తలను పంపాలి.
3. ఆశాలకూ ఏఎన్ఎంలకూ నోటిమాటగా పెట్టే లక్ష్యాలు ఆపాలి. ఆపరేషన్ చేయించుకోకపోతే రేషన్, పథకం ఆగుతాయని ఎవరూ బెదిరించకూడదు.
4. ఒక బృందానికి రోజుకు 30 మించకూడదన్న నియమాన్ని ప్రతి ఆపరేషన్ థియేటర్ బయట తెలుగులో రాసిపెట్టాలి.
5. ఇవ్వవలసిన డబ్బు అదే రోజు ఖాతాలో వేయాలి. పరిహారం ఎలా అడగాలో ఆస్పత్రి గోడ మీద రాయాలి.

మీరు చేయవలసినవి

ప్రతి ఏడాది నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు ప్రభుత్వం వేసెక్టమీ పక్షోత్సవం జరుపుతుంది. ఆ రెండు వారాల్లో మీ పీహెచ్‌సీకి వెళ్లండి. మిగతా రోజుల్లోనైనా ఆశా అక్కను అడగవచ్చు. అరవై ఏళ్ల లోపు వయసుండి, పెళ్లయి, ఏడాది నిండిన బిడ్డ కనీసం ఒకరుంటే చాలు.

భర్తలకు: ఈ రాత్రి ఈ కాగితం ఆమెకు చదివి వినిపించండి. "నేను చేయించుకుంటాను" అన్న మాట ముందు మీ నోటి నుంచి రావాలి.

భార్యలకు: అడగడానికి సిగ్గుపడకండి. ఆయన బాగు కోరినట్టే మీ బాగూ కోరుకోండి.

చేయించుకున్న అన్నలకు: నోరు విప్పండి. రచ్చబండ దగ్గర, పొలంగట్టు మీద, ఆటో స్టాండులో మీ అనుభవం చెప్పండి. వంద గోడల మీది రాతలకన్నా మీ ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది.

సర్పంచులకు, వార్డు సభ్యులకు: ఈ గ్రామసభలోనే మన ఆస్పత్రిలో వేసెక్టమీ డాక్టరు కావాలని తీర్మానం చేసి పంపండి.

బలవంతపు ఆపరేషన్లు వద్దు! లక్ష్యాల లెక్కలు వద్దు!
ఆడవారి ప్రాణాలతో హడావిడి వద్దు!
పిల్లలు ఇద్దరివీ, బాధ్యతా ఇద్దరిదీ!
మగవారు ముందుకు రావాలి! వేసెక్టమీ చేయించుకోవాలి!

ఇట్లు,
మీ మండలంలోని మహిళా సంఘాల సభ్యులు, వ్యవసాయ కూలీ అక్కచెల్లెళ్లు

చదివాక ఈ కాగితం పారేయకండి. పెళ్లయిన ఇంకో మగవాడి చేతిలో పెట్టండి.